దువాల్ వారి పుట్టుపూర్వోత్తరాలు

పోయిన ఆదివారం విజయవాడలో మా మేనల్లుడి నిశ్చితార్థం. హాలు గుమ్మంలోనే, పూల కమాను పక్కన, ఒక పెద్ద ఫ్రేము నిలబెట్టారు. రెండు కత్తులు, నాలుక చాపిన సింహం, కింద 'దువాల్ వంశ చరిత్ర'. మావాడు ఇంటర్నెట్‌లో మా పుట్టింటి పేరు కొట్టి ఆర్డరిస్తే పంపారట. మేం ఫ్రాన్సు దేశపు లోయల్లో కోటలేలిన వీరుల సంతతిమట! కంకిపాడులో కాలవ గట్టు దిగితే అదే మాకు లోయ. కోట సంగతి దేవుడెరుగు, మా ముత్తాతకి సొంత పడవ కూడా లేదు. ముందు నవ్వొచ్చింది. ఫ్రేము కింద రాసిన రెండు పేర్లూ చదివాక ఒళ్లు మండింది. పెళ్లికూతురిదీ అదే ఇంటిపేరు. హనుమాన్ జంక్షన్ దువాల్ వారి పిల్ల.

ఆ పేరు మాకెలా వచ్చిందో మా తాతయ్య ప్రతి క్రిస్మస్‌కీ, అడిగినా అడక్కపోయినా చెప్పేవారు. బందరు పరాసుపేటలో దువాల్ అనే ఫ్రెంచి దొర ఉండేవాడు. మా ముత్తాత ఆయన సరుకు పడవ నడిపేవాడు. హనుమాన్ జంక్షన్ వారి ముత్తాత ఆయనకు వంట చేసేవాడు. ఇద్దరికీ దొరగారి వంటింటి గుమ్మం దగ్గర పరిచయమే తప్ప ఏ చుట్టరికమూ లేదు. నౌకర్లు ఏడుగురు ఒకేరోజు జ్ఞానస్నానం తీసుకుంటే, దొరే అందరికీ జ్ఞానతండ్రిగా నిలబడి తన ఇంటిపేరు ఇచ్చాడు. చర్చి పుస్తకంలో ఏడు పేర్లూ వరసగా ఉన్నాయి. కథ అక్కడికొచ్చేసరికి తాతయ్య గొంతు గర్వంతో బొంగురుపోయేది, మేం అరిసెలు నములుతూ తలలాడించేవాళ్లం. దొర మాత్రం కొన్నాళ్లకు ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ ఏడుగురూ ఆయనకు మళ్లీ గుర్తొచ్చి ఉంటారని నేననుకోను.

ఇంత తెలిసిన తాతయ్యే మా మేనత్త పెళ్లి ఆపారు. అప్పుడు అత్తయ్య కంకిపాడు బళ్లో టీచరు. అక్కడి లెక్కల మాస్టారు హనుమాన్ జంక్షన్ దువాల్ వారబ్బాయి. ఇద్దరూ ఇష్టపడ్డారు. "పెళ్లయినా నేను సంతకం మార్చుకోనక్కర్లేదొదినా" అని అత్తయ్య మా అమ్మతో అని నవ్విందట. వాళ్లు మర్యాదగా పెద్దమనుషుల్ని పంపారు. "ఇంటిపేరు ఒకటే. వరసకి అన్నాచెల్లెళ్లవుతారు" అని తాతయ్య తిప్పి పంపేశారు. బందరు చర్చి ఫాదర్‌గారు స్వయంగా ఆ పాత పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి, రక్తసంబంధం లేదనీ, తిరుసభకు అభ్యంతరం లేదనీ చెప్పారు. "మీరు పెళ్లి చేసి వెళ్లిపోతారండీ ఫాదర్‌గారూ. రేపు నలుగురి నోళ్లలో పడేది మేం గదండీ" అన్నారు తాతయ్య. మావాళ్లు మతం మార్చుకున్నారు, దొర పేరు తగిలించుకున్నారు, ఈ పట్టింపు ఒక్కటి మాత్రం వదల్లేకపోయారు. ఏ సంబంధమూ లేని పరాయివాడు ఇచ్చిపోయిన పేరు కోసం సొంత కూతురి గొంతు కోశారు. తాతయ్యంటే నాకు ప్రాణమే, అయినా ఈ మాట అనకుండా ఉండలేను. మాస్టారు రెండేళ్లు చూసి వేరే పెళ్లి చేసుకున్నాడు. అత్తయ్య ఇంకే సంబంధానికీ ఒప్పుకోలేదు.

నిశ్చితార్థంలో పెళ్లికొడుకు తండ్రి, మా అన్నయ్యను పక్కకు లాగి, ఈ సంబంధానికి ఎలా ఒప్పుకున్నావని అడిగాను. "రోజులు మారాయే. ఇప్పుడవన్నీ ఎవరు చూస్తున్నారు?" అన్నాడు ఐస్‌క్రీం తింటూ.

"అప్పుడు చూసినందుకే గదా అత్తయ్య ఇలా ఉండిపోయింది!"

నా గొంతు ఎంత లేచిందో, జనం వెనక్కి తిరిగారు. ముందు వరసలో ఉన్న అత్తయ్యకీ వినబడింది. డెబ్బై దాటిన మనిషి, మెల్లగా లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకోవే, పిల్లల శుభకార్యం" అంది. తర్వాత పెళ్లికూతురి దగ్గరికెళ్లి నుదుట సిలువ గుర్తు వేసింది. రోజులు మారాయన్న అన్నయ్య మాట అబద్ధం కాదు. అవి మారేదాకా కాచుకోవడానికి అత్తయ్యకి ఉన్నది ఒక్క వయసే, అది ఎప్పుడో దాటిపోయింది.