సార్ లేని ఆఫీసులో ఒక సార్

అమెరికాలో నోవై అనే ఊళ్ళో ఉన్నప్పుడు కార్ల బ్రేకులు చేసే కంపెనీలో పనిచేశాను. నా పైన మేనేజరు, ఆయన పైన సీనియర్ మేనేజరు, ఆపైన డైరెక్టరు, ఆ పైవాళ్ళు నాకెప్పుడూ కనపడలేదు. చిన్న మార్పుకైనా అందరూ తల ఊపాలి. విసుగొచ్చేది గాని, తప్పు పట్టలేను. బ్రేకు పడకపోతే మనుషులు పోతారు. అలాంటిచోట ఒక్కడి మాట మీద వదిలెయ్యరు.

తర్వాత క్యారీ అనే ఇంకో ఊళ్ళో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. పళ్ళ డాక్టర్ల అపాయింట్‌మెంట్లు బుక్ చేసే యాప్ మాది. పొరపాటు జరిగితే ఎవరి పన్నో ఇంకో వారం సలుపుతుంది, అంతే. పైగా ఉన్నదే గుప్పెడుమంది. అందుకే కాబోలు, అక్కడ మేనేజర్లే లేరు. మొదటిరోజే చెప్పేశారు: "ఇక్కడ అందరం సమానమే. సెలవు కావాలంటే క్యాలెండర్‌లో పెట్టి వెళ్ళిపో."

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎవరూ సరే అనకుండా సెలవెలా తీసుకుంటారండీ? చుట్టూ చూశాను. తల నెరిసినాయన ఒక్కరే కనిపించారు. వెళ్ళి, "సార్, రేపు కాస్త లేట్‌గా రావచ్చా?" అన్నాను. ఎవరినంటున్నానో అని ఆయన, పాపం, వెనక్కి తిరిగి చూశారు.

"నేను నీ బాస్‌ని కాదు" అన్నారు.

నేను వదల్లేదు. లంచ్‌కి వెళ్ళాలన్నా ఆయనకి చెప్పే వెళ్ళేవాణ్ణి. నన్ను చూసి మిగతావాళ్ళూ అడగడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి, అడగనివాళ్ళ మీద చిరాకు పడడం ఆయనకీ అలవాటైంది. మూలనున్న మీటింగ్ గది ఆయనదైపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. అమెరికా చూడొచ్చిన మా బంధువుల్లో ప్రతి తల్లీ నయాగరా ముందు ఫోటో దిగింది, మా అమ్మ తప్ప. తిరుగు ప్రయాణానికి ముందు మిగిలింది ఒక్క వారం. తీసుకెళ్తానని మాటిచ్చాను. పొద్దున్నే వెళ్ళి సెలవడిగాను.

సార్ కుర్చీలో వెనక్కి వాలారు. "కుదరదు. కొత్త వెర్షన్ రిలీజ్ ఉంది."

ఇంటికెళ్ళి చెప్పాను. దారిలో తినడానికని జంతికలు డబ్బాలో సర్దుతున్న అమ్మ ఆగిపోయింది.

"మీ ఆఫీస్‌లో అడక్కుండా వెళ్ళొచ్చన్నావుగా?"

"వెళ్ళొచ్చమ్మా."

"మరెందుకు అడిగావురా?"

నేను జంతికల డబ్బా మూత వెతకసాగాను.

"పోనీ ఇప్పుడు చెప్పకుండా పోదాం, పద."

"సార్ వద్దన్నాక ఎలా వెళ్తానమ్మా?"

చివరికి పక్కవీధి ఆంటీ వాళ్ళ వ్యాన్‌లో అమ్మ వెళ్ళింది. రిలీజ్ మీటింగ్ మధ్యలో వీడియో కాల్ చేసింది. నీలం రెయిన్‌కోటులో తడిసి ముద్దై, చిన్నపిల్లలా నవ్వుతూ, నీళ్ళ హోరులో ఏదో అరుస్తోంది. ఒక్క ముక్క వినపడలేదు. పక్కన నేను లేనే అని ఏడుపొచ్చినంత పనైంది.

సార్ నా ఫోన్‌లోకి తొంగిచూశారు. "అబ్బ, ఎంత బాగుందో! నువ్వు కూడా వెళ్ళాల్సింది" అన్నారు.