ఆమెనవ్వ ఇంటి మీద అయ్యగారు

ఆ రోజుల్లో సేవ అంటే టీషర్టు అనుకునేదాన్ని. వీపు మీద 'సేవాదళం' అని రాసి ఉన్న పసుపు రంగు టీషర్టు వేసుకుని, చేతిలో ఏదో ఒక సామాను పట్టుకుని నిలబడితే ఎవరో ఒకరు ఫొటో తీస్తారు, దాంతో సేవ పూర్తయిపోతుంది. నిజం చెప్పాలంటే ఆ టీషర్టు కూడా నేను అడిగి తెచ్చుకున్నది కాదు. డిగ్రీలో ఒక పేపరు తప్పి, మళ్ళీ పరీక్షలు వచ్చేదాకా మంచం మీద పడి ఫోను నొక్కుకుంటున్న కాలం అది. మా బాపు, అంటే నాన్న, చర్చి సంఘానికి కార్యదర్శి. ఇంట్లో ఊరికే పడి ఉన్న వస్తువు కనిపిస్తే చాలు, చర్చికి ఇచ్చేసేవాడు. ముందు పాత ఫ్యాను పోయింది, తరువాత కుంటి బెంచీ, ఆ తరువాత నేను. "ఇంట్ల పండి ఏం జేస్తవ్? పో, జర నలుగురికన్న పనికొస్తవ్" అని నా పేరు రాయించి వచ్చాడు.

ఆ ఎండాకాలం చివర ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. సముద్రం వైపు వాళ్ళకు తుఫాను వస్తుందంటే ముందే కబురు వస్తుంది, దానికొక పేరు కూడా పెడతారు. మా మొయినాబాద్ గాలికి పేరూ లేదు, కబురూ లేదు. చేవెళ్ల రోడ్డు మీది హోర్డింగులను చింపి, కోళ్ళ ఫారాల కప్పులు లేపి, పేదవాళ్ళ ఇళ్ళ రేకులను ఏరి ఏరి ఎత్తుకుపోయింది. (ప్లాట్లు అమ్మేవాళ్ళ హోర్డింగులోని స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఒకటి మా గల్లీ చింతచెట్టుకు చాలా రోజులు వేలాడింది. మా గల్లీకి వచ్చిన మొదటి స్విమ్మింగ్ పూల్ అదే.) ఆ ఆదివారమే అయ్యగారు, అంటే మా పాస్టరు, సేవాదళం ప్రకటించారు. గాలికి పోయిన కప్పులన్నీ మన యువతే వేస్తుంది, దేవునికి స్తోత్రం అన్నారు. యువత ఒకరి మొహం ఒకరు చూసుకుంది. మాలో మేకు కొట్టడం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. డ్రిల్లన్న ఒక్కడికి మాత్రం సొంతంగా డ్రిల్లు మిషను ఉండేది. అది ఉండటం వల్లే ఆయన నాయకుడు, ఆ పేరూ దాని వల్లే వచ్చింది. గాలికి కరెంటు స్తంభాలు కూడా పడిపోయాయని, ఏ ఊళ్ళోనూ కరెంటు లేదని మాలో ఎవరికీ తట్టలేదు. ఆ మిషనును బైబిలులో యాజకులు మోసిన నిబంధన మందసంలాగా భుజాన మోస్తూ ఊరూరా తిరిగాము. ఎక్కడా అది గిర్రుమన్నది లేదు.

అట్లా తిరిగి తిరిగి మా పక్క ఊరు హిమాయత్‌నగర్‌లో ఆమెనవ్వ ఇంటికి చేరాము. ఆమె అసలు పేరు మా చర్చిలో ఎవరికీ గుర్తు లేదు. ప్రార్థన చివర అందరికంటే ముందు "ఆమెన్!" అనేది ఆమె, ఆమె వెనుక మిగతా సంఘం అనేది. అంతవరకు బాగానే ఉంది. ప్రార్థన సాగిపోతున్నదని ఆమెకు తోస్తే, అయ్యగారు ఇంకా దేశాధినేతల కోసం వేడుకోవడం దగ్గరే ఉండగానే "ఆమెన్!" అని కొట్టేసేది. సంఘమంతా దానికోసమే కాచుకున్నట్టు "ఆమెన్!" అనేది. అయ్యగారు నోరు తెరిచి ఉండగానే పాట మొదలయ్యేది. పొలం పనికి పోయి, మేకలు కాచి, తల్లి లేని మనవరాలిని పెంచి పెళ్ళి చేసిన మనిషి. ఆమెకు ఎవరన్నా భయం లేదు.

ఆమె ఇంటి కప్పులో సగం ఎగిరిపోయింది. సిమెంటు రేకులు పక్కవాళ్ళ గులాబీ తోటలో పడి ముక్కలయ్యాయి. అవ్వ ఏడవలేదు, కానీ ఒకటే మాట చెప్పింది. "బిడ్డా, నా మనుమరాలికి నెలలు నిండుతున్నయి. మొదటి కాన్పు, నా ఇంటికే రావాలె. గా మోకిల అత్తగారోళ్ళు వచ్చి సూసిండ్రు. కప్పు లేని ఇంటికి పిల్లను తోలియ్యం అన్నరు. వానలు పడకముందే రేకు ఎయ్యిండ్రి. ఇంకేమద్దు నాకు." ఆ కాన్పు ఒక్కటే ఆమెకు కావలసింది. మనవరాలికి ఇంకో పుట్టిల్లు లేదు కదా.

రేకులు వచ్చే వారం వస్తాయని అయ్యగారు ఫోనులో చెప్పారు. అప్పటిదాకా ఏదైనా కప్పమన్నారు. ఏదైనా అంటే మా దగ్గర ఉన్నది ఒక్కటే, చర్చి గదిలో పడి ఉన్న ఉజ్జీవ కూటములనే ప్రార్థన సభల ఫ్లెక్సీ. చాలా పెద్దది. దాని నిండా అయ్యగారి మొహమే. అది చేసిన కుర్రవాడు అయ్యగారికి పదిహేనేళ్ళ వయసు తగ్గించి, పాలలో ముంచి తీసినట్టు తెల్లగా చేశాడు. మొహం ఆకాశం వైపు పెట్టాలా, లోపలి వైపు పెట్టాలా అని ఇంటి మీద చర్చ జరిగింది. "మీదికి పెడితే కాకులు రెట్టలేస్తయి చెల్లే, మనకు పాపం" అన్నాడు డ్రిల్లన్న. సరేనని మొహం లోపలికి పెట్టి, తాళ్ళతో కట్టి దిగాము. అయ్యగారు కారులో వచ్చారు, ప్రార్థన చేశారు, మా అందరితో ఫొటో దిగారు. ఆ ఫొటో సంఘం వాట్సాప్ గ్రూపులో పడింది. దాని కింద యాభై మంది చేతులు జోడించారు. ఇక రేకుల ఊసు ఎవరెత్తుతారు? ఫొటో వచ్చిందంటే పని అయిపోయిందనే కదా లెక్క.

మరునాడు పొద్దున్నే అవ్వ షేర్ ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏమైందవ్వా?" అంటే గడపలోనే కూలబడింది.

"ఏం జెప్పాలె బిడ్డా! రాత్రంత అయ్యగారు నన్నే సూసిండు. ఇటు మలిగితే ఇటు సూస్తుండు, అటు మలిగితే అటు సూస్తుండు. చీర మార్సుకుందామంటే మేకల కొట్టంలకు పోవాల్సొచ్చె."

"దుప్పటి కప్పుకొని పండుకోరాదే?"

అవ్వ మా బాపు లేడని చూసుకుని గొంతు తగ్గించింది. "పొద్దుమీకినంక గింత కల్లు తాగుత, నీకెరికే గదా. లోట నోటి కాడికి తెస్త, పైన అయ్యగారు. మల్ల దించుత. గొంతుల దిగుతలేదు."

"దేవుడు సూస్తలేడా మరి రోజు?" అన్నాను తెలివిగా.

"దేవుడు సూస్తే ఫికరేంది? ఆయనకు అన్నీ ఎరికే. అయ్యగారికి ఎరికైతెనే లొల్లి!"

దీనికి బైబిలు కళాశాలలో కూడా జవాబు ఉండదు. నేనూ డ్రిల్లన్నా వెళ్ళి ఫ్లెక్సీని తిరగేశాము. ఈసారి మొహం ఆకాశం వైపు. తాళ్ళు ఆగేట్టు లేవని బరువులు పెట్టాలనుకున్నాము. అవ్వ పెరట్లో దొరికినవి రెండు పాత స్కూటరు టైర్లు, ఒక పగిలిన రోలు. బరువు సమంగా పడాలని టైర్లు పైన చెరో వైపు పెట్టాను, రోలు కింద మధ్యలో పెట్టాను. దగ్గర నుంచి చూస్తే బరువులే. దూరం నుంచి చూస్తే అయ్యగారు నల్ల కళ్ళజోడు పెట్టుకుని, నోట్లో రోలు పెట్టుకుని ఆకాశాన్ని చూస్తున్నారు. ప్రభువు తోడు, నేను కావాలని చేయలేదు. (ఈ మాట అప్పుడు మా బాపే నమ్మలేదు, మీరు నమ్ముతారని ఆశ లేదు.)

ఎదురుగా కొత్తగా కడుతున్న మూడంతస్తుల ఇల్లు ఉంది. ఎవరో దాని మీదికెక్కి ఫొటో తీశారు. అది మా గ్రూపులో పడి, పక్క సంఘం గ్రూపులో పడి, చేవెళ్ల దాటి వెళ్ళిపోయింది. మొదటి ఫొటోకు చేతులు జోడించిన యాభై మందీ దీని కింద పళ్ళు ఇకిలించారు. ఆ సాయంత్రమే అయ్యగారి కారు అవ్వ ఇంటి ముందు ఆగింది. నన్నూ డ్రిల్లన్ననూ ముందే అక్కడికి పిలిపించారు. పడమట మబ్బు నల్లగా కమ్ముతున్నది.

"ఎక్కు! ఎక్కి తియ్యి దాన్ని! ఇప్పుడే తియ్యాలె!" పుస్తక భాష తప్ప మాట్లాడని అయ్యగారి నోట మా ఊరి మాట వినడం అదే మొదటిసారి.

డ్రిల్లన్న నిచ్చెన పట్టుకున్నాడు. నేను సగం దాకా ఎక్కాను. కింద నుంచి అవ్వ నన్నే చూస్తున్నది. నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నది. ఆ ఫ్లెక్సీ తీస్తే ఆ వాన మొత్తం ఇంట్లోనే పడుతుంది. తీయకపోతే బాపు పరువు పోతుంది, నా గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. నాకు కాళ్ళు పైకీ రాలేదు, కిందికీ రాలేదు. "తియ్యిండ్రి అయ్యగారూ, మీ మొఖం మీరు తీసుకపోండ్రి. రేకు ఏసి తీసుకపోండ్రి" అన్నది అవ్వ.

జనం మూగారు. జనం ముందు కోపం బాగుండదని తెలిసినవాళ్ళు చేసే పనే అయ్యగారూ చేశారు. "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అందరూ తలలు వంచారు. అప్పుడే ఆగిన షేర్ ఆటోలో నుంచి దిగిన బొట్టు పెట్టుకున్న పెద్దాయన కూడా ఎందుకైనా మంచిదని చెప్పులు విడిచాడు. నేను నిచ్చెన మీదే కళ్ళు మూసుకున్నాను.

"ప్రభువా, నీ చిత్తమైతే, నీ సమయమందు, ఈ సహోదరి గృహమునకు రేకులు దయచేయుమని వేడుకొనుచున్నాము తండ్రీ..."

ఆగారు. ఇక్కడ ఆమెన్ రావాలి. రాలేదు. అవ్వ కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పెదవులు బిగించి నిలబడి ఉంది. ఆమె అననిదే మా సంఘంలో ఎవరికీ నోరు పెగలదు. నా నోటి దాకా వచ్చింది, నాలుక కరుచుకున్నాను. ఆమెన్ లేని ప్రార్థనలో నుంచి అయ్యగారు బయటికి వచ్చేదెట్లా?

"త్వరలోనే దయచేయుము తండ్రీ..." అన్నారు.

మేక ఒకటి అరిచింది.

"ఈ వారములోనే, తండ్రీ..."

ఉరిమింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అయ్యగారు కూడా ఒక కన్ను తెరిచి అవ్వను చూస్తున్నారు. నన్ను చూసి టక్కున మూసుకున్నారు.

"రేపే, తండ్రీ!"

అవ్వ కళ్ళు తెరవకుండానే తల పైకెత్తింది. "ప్రభువా, పొద్దుగాలనా, పొద్దుమీకినంకనా? జర ఖాయం జెయ్యి నాయనా."

"పొద్దుగాలనే తండ్రీ!"

"ఆమెన్!" అన్నది అవ్వ. అంత గట్టి ఆమెన్ నేను మళ్ళీ వినలేదు. జనమంతా అన్నారు, డ్రిల్లన్న నిచ్చెన వదిలేసి మరీ అన్నాడు. నేను కింద పడ్డాను. దెబ్బ ఏమీ తగల్లేదు, మేకల ఎరువు మెత్తగా ఉంటుంది.

ఆ రాత్రి ఫ్లెక్సీ కప్పు మీదే ఉంది, తెల్లవారి రేకులు వచ్చాయి. ఎక్కడివంటే, అయ్యగారి కారు షెడ్డుకని చర్చి వెనుక నిలబెట్టి ఉంచినవే. ఆయన లుంగీ కట్టుకుని తానే వచ్చి ఒక చివర పట్టుకున్నారు. ఆ మాట చెప్పకపోతే నా కళ్ళు పోతాయి. సుత్తితో బొటనవేలు చితక్కొట్టుకుని, ఏ సువార్తలోనూ లేని మాట ఒకటి అన్నారు. ఆ రోజు నుంచే నాకు ఆయన మీద నిజంగా గౌరవం కలిగింది. కరెంటు కూడా వచ్చింది. డ్రిల్లు మిషను గిర్రుమంటే డ్రిల్లన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరి రేకుకు బొక్క నేనే వేస్తానని పట్టుబట్టాను, వేశాను, అది వంకరగా పోయింది.

ఆ తరువాత వారమే మనవరాలు వచ్చింది. వానలు జోరుగా పడుతుండగా ఆడపిల్ల పుట్టిందని తెలిసి, బిడ్డ దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన రోజు చూడటానికి వెళ్ళాను. లోపల చాప మీద కూర్చున్నానో లేదో, నా నడినెత్తిన టప్పున ఒక చుక్క పడింది. ఒక్కటే చుక్క, మళ్ళీ కాసేపటికి ఇంకొకటి. అవ్వ పగలబడి నవ్వింది. "నువ్వు ఏసిన బొక్కనే బిడ్డా. ఫికర్ లేదు, మంచం అటు జరిపిన. పసిదాని మీద ఒక్క సుక్క పడలే." ఆ పసిదాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఉప్పు ప్యాకెట్టంత బరువు కూడా లేనట్టుంది. గుప్పిళ్ళు బిగించుకుని, పొడిగా, వెచ్చగా నిద్రపోతున్నది.

ఇప్పుడు నాకు మంచి ఉద్యోగం ఉంది, లోను మీద కొన్న ఫ్లాటు ఉంది, దానికి దీపాలు పొదిగిన సీలింగు ఉంది. చుక్క నీరు కారదు. దాన్ని నేను తలెత్తి చూసి ఎంత కాలమైందో గుర్తు లేదు. ఆ రోజు మాత్రం ఒళ్ళో బిడ్డను పెట్టుకుని, ఆ వంకర బొక్కను మెడ నొప్పి పుట్టేదాకా చూసి మురిసిపోయాను. నెత్తి మీద చుక్కలు పడుతున్నా జరగకుండా కూర్చున్న అప్పటి నన్ను, ఆ తిక్కపిల్లను, తలచుకుంటే నవ్వొస్తుంది. దాని మీద కాస్త కుళ్ళు కూడా పుడుతుంది.