ఆమె రంగు డబ్బా

కొత్తగూడెంలో నా బ్యూటీ పార్లర్ గోడకు అవతలి గదిలో జాకెట్లు కుట్టే పిల్ల ఉండేది. భర్తది బొగ్గు బాయిలో పని. పుట్టిల్లు టేకులపల్లి అవతల అడవి పక్క పల్లె. నేను సొంత పేరుతో ఫేస్ పౌడర్ అమ్మాలని పట్టుబట్టిన రోజుల్లో, కలిపిన ప్రతి రకాన్నీ మొదట ఆమె చెంప మీదే అద్ది చూసేదాన్ని. మిషన్ తొక్కుతూనే మొహం నా వైపు తిప్పేది. ఆమెది చామనఛాయ కూడా కాదు, నలుపు. నిగనిగలాడే మంచి నలుపు.

"ఏందక్కా, బూడిద గుమ్మడికాయ లెక్క చేసినవ్ నన్ను!" అని అద్దంలో చూసుకుని పడీపడీ నవ్వేది. కాసేపటికి నవ్వు ఆపి, "నా రంగుది ఒక్క డబ్బా చెయ్యరాదా?" అనేది.

చేస్తానన్నాను. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తూ, అందమంటే తెలుపు కాదమ్మా, ఉన్న మొహాన్ని ఉన్నట్టే వెలిగించడం అని ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. చెప్పేవి శ్రీరంగ నీతులు! నా డబ్బాలో మాత్రం ఒకటే రంగు, మా ఊళ్లో ఎవరికీ లేని గులాబీ తెలుపు. నా డబ్బాలు అమ్మిపెట్టే ఫ్యాన్సీ షాపు భాయ్ మొదటి రోజే తేల్చేశాడు. "నల్లగున్నోళ్లే తెల్ల పౌడర్ కొంటరమ్మా. నల్ల పౌడర్ ఎవరు కొంటరు?" ఆయన మాట అబద్ధం కాదు. తెల్ల డబ్బాలు అమ్ముడుపోయాయి. మూత మీద నా పేరు చూసుకుని మురిసిపోయాను. ఆమె డబ్బా వచ్చే నెలకు, ఆ పై నెలకు జరుగుతూ పోయింది.

ఆ వానాకాలం ఆమె పుట్టింటికి వెళ్లి జ్వరంతో తిరిగొచ్చింది. మలేరియా మెదడుకెక్కిందన్నారు. దవాఖానాలో నాలుగు రోజులు కూడా బతకలేదు.

ముత్తైదువగా పోయిన మనిషిని పెళ్లికూతురిలా సింగారించి పంపడం మా వైపు ఆచారం. స్నానం చేయించి, కాళ్లకు పసుపు రాసి, కొత్త చీర కట్టారు. ఆమె తల్లి నన్ను పిలిపించింది.

"పెండ్లినాడు నువ్వే తయారుచేసినవ్. ఇయ్యాల గూడ నీ చేతులతోనే చెయ్యి బిడ్డా."

గాజులు తొడిగాను, కాటుక దిద్దాను, పెద్ద బొట్టు పెట్టాను. అంతవరకు నిబ్బరంగానే ఉన్నాను. తర్వాత నా చేయి అలవాటుగా డబ్బా మూత తిప్పింది. పౌడర్ తీసి ఆమె చెంప మీద అద్దింది. ఆ చెంప బూడిదరంగుకు తిరిగింది. ఈసారి నవ్వడానికి ఆమె లేదు.

తల్లి నా చెయ్యి పట్టుకుంది. "గా తెలుపు పెట్టకు బిడ్డా. నా పిల్ల నాకు కనబడకుంట పోతున్నది."

తడిగుడ్డతో తుడిచాను. ఎంత తుడిచినా చెవి దగ్గర కొంచెం మిగిలే ఉంది. ఏడుపు కన్నా ముందు నాకు సిగ్గు వచ్చింది. అది నిజం.

ఆ తర్వాత షాపు భాయ్‌ని ఏమీ అడగలేదు. పదిహేను రోజులు రంగులు కలుపుకుంటూ, పలుచటి గుడ్డలో పొడి జల్లించుకుంటూ కూర్చున్నాను. చివరకు ఒకటి కుదిరినట్టనిపించింది. వేలికి అద్దుకుని, ఎప్పటిలాగే లేచి పక్క గది గడప దాకా వెళ్లాను. మిషన్ మీద పాత చీర కప్పి ఉంది. రంగు సరిపోయిందో లేదో చూడటానికి ఆ చెంప లేదు. పౌడర్ అంటిన వేలు అలాగే పట్టుకుని గడపలో నిలబడిపోయాను.