తాళంచెవి ఎముక

"భుజం జారి ప్రాణం పోతుంటే తాళంచెవి గోలేంటండీ!"

"గోల కాదయ్యా. నీ మెడ కింద అడ్డంగా ఉందే, ఆ ఎముక పేరు క్లావికల్. లాటిన్‌లో బుల్లి తాళంచెవి. ఆ పేరెందుకు పెట్టారంటావ్?"

"నాకు తెలిస్తే నేనే డాక్టర్నయ్యేవాణ్ణి! మూటలు మోసేవాణ్ణి పట్టుకుని..."

భుజం టక్కుమంది. వెంటనే ఓ కేక.

బయట గదిలో మేనల్లుడు నుదురు కొట్టుకున్నాడు.

ఎముకల డాక్టరు మామయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. పేరెలా పుట్టిందో చెప్పందే ఏ ఎముకనూ ముట్టుకోడు. మోకాలు వాచి వస్తే, 'పటెల్లా' అంటే చిన్న పళ్లెమని మొదలుపెడతాడు. మెట్ల మీద జారి, కూర్చోలేక నిలబడే వచ్చిన పెద్దావిడతో, "కాక్సిక్స్ అంటే గ్రీకులో కోకిలమ్మా. తోకెముక దాని ముక్కులా ఉంటుందని" అన్నాడు.

"కూర్చునే చోట కోకిలేంటి నాయనా? ఇప్పుడు నన్ను కూయమంటావా?" అందావిడ.

రోడ్డుకు అటుపక్క కొత్త ఆస్పత్రి వెలిశాక అత్తయ్యకు దిగులు పట్టుకుంది. "చదువు మానేసి ఖాళీగానే ఉన్నావుగా, మీ మామయ్య నోరు మూయించు. లేకపోతే ఉన్న నలుగురూ రోడ్డు దాటేస్తారు" అని మేనల్లుణ్ణి పురమాయించింది.

వాడికి మొహమాటం లేదు. "మామయ్యా, జనం వచ్చేది నొప్పితో, పాఠానికి కాదు. ఆ పాఠాలు పడకే నేను కాలేజీకి దండం పెట్టాను."

"సరేలేరా" అన్నాడు మామయ్య బుద్ధిగా.

ఆ సాయంత్రమే నిఘంటువు కోసం స్టూలెక్కి, నిఘంటువుతో సహా కిందపడ్డాడు. భుజం జారింది. ఎవరి భుజం వాళ్లు ఎక్కించుకోలేరు కదా! అందరికన్నా ముందు ఆయనే రోడ్డు దాటాడు.

కొత్త డాక్టరు మూగనోము పట్టినట్టు చెయ్యి పట్టుకుని లాగాడు. ఎక్కలేదు. మళ్లీ లాగాడు. ఊహూఁ.

"బిగబట్టకండి సార్. కండరం వదిలితేనే ఎక్కుతుంది."

"లాగుతావని తెలిశాక ఎలా వదులుతుందయ్యా? మనిషి ధ్యాస మళ్లించాలి! ఒళ్లు మండించాలి! నేనైతే..." అని మామయ్య ఠక్కున ఆగిపోయాడు.

మేనల్లుడు నోరు తెరిచాడు. "అంటే మామయ్యా, ఆ తాళంచెవి, ఆ కోకిల..."

"తర్వాత చెప్తాగా!" మామయ్య నుదుటి నిండా చెమట. మంచి చేత్తో మేనల్లుడి చొక్కా పట్టుకున్నాడు. "ఒరేయ్, నీకు దండం పెడతాను. ఏదో ఒక ఎముక పేరెలా పుట్టిందో చెప్పరా. పరీక్షల్లో తప్పులతడకగా రాసేవాడివే, అలా చెప్పు. నా ఒళ్లు మండిపోవాలి!"