ప్రకటన రాని సాయంత్రాలు

రాత్రి అన్నం ఏ వేళకు తినాలో మీ ఇంట్లో ఎవరు నిర్ణయించారు? ఆకలి అని చెప్పకండి, నేను నమ్మను. మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఏదో చూస్తూ, నేను పిలవగానే దాన్ని అక్కడే ఆపి లేచి వచ్చింది. తెర మీద ఒక మనిషి ఏదో చెప్పబోతూ నోరు తెరిచి అలాగే నిలిచిపోయాడు. ఎవరి కోసమూ ఆగని టీవీని చూసినవాణ్ణి. ఆ నోరు చూస్తుంటే మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

ఎనభైల్లో ధర్మవరంలో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ, పట్టుచీరల సావుకారు ఇంటి వసారాలో. అది వచ్చిన కొన్నాళ్లకే వీధి దినచర్య దాని చేతికి పోయింది. సాయంత్రం ఆ మొదటి సంగీతం వినిపించగానే మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగేది. ముందు రైతుల కార్యక్రమం. వానల్లేక వేరుశనగ మాడిపోయిన మా నేలకు, నీళ్లు నిలిచిన వరిమడిలో పురుగును ఎలా చంపాలో చెప్పేవాళ్లు. "ఏమప్పా, పురుగు సంగతి మేం చూసుకుంటాం. ఆ నీళ్లు యాడుండాయో చెప్పమను" అని మా నాయన అంటే వసారా అంతా నవ్వేది. ఆ తర్వాత, వార్తలకు ముందు, తప్పిపోయినవాళ్ల ప్రకటనలు. ఒక ఫొటో, పేరు, ఎత్తు, చివరిసారి తొడుక్కున్న చొక్కా రంగు. సరిగ్గా అప్పుడే అందరూ లేచి సంగటి తినడానికి ఇళ్లకు పోయి, పాటల వేళకు తిరిగి వచ్చేవాళ్లు. జనం లేచి వెళ్తారని ఆ ప్రకటనలకు ఆ వేళ ఇచ్చారో, ఆ వేళ ఇచ్చారని జనం లేచి వెళ్లేవాళ్లో నాకు ఈనాటికీ తెలియదు. ఏది ఎప్పుడు చూపాలో ఎక్కడో పట్నంలో మనుషులే కూర్చుని తేలుస్తారు. అందులో గ్రహాల పనేమీ లేదు.

చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, కరువులో మగ్గం నిలిచిపోతే కూలి వెతుక్కుంటూ బెంగళూరికి పోయి తిరిగి రాలేదు. ఏళ్లు గడిచాయి. సోదె చెప్పే ఆమె బియ్యంలో వేలు పెట్టి, ఆయన నీళ్లలో పోయాడంది. నీళ్లే ఎరగని ఊరివాడు నీళ్లలో పోయాడట! ఆ మాట పట్టుకుని కులపెద్దలు ఆయన భార్య, మా చిన్నమ్మ గాజులు తీయించి విధవను చేయడానికి కూర్చున్నారు. నాయన ఆ పెద్దల్లో ఒకడు. నేనప్పటికి కాలేజీలో పాఠాలు చెబుతూ, మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకుంటున్నాను. సోదె మాట మీద మనిషిని చంపుతారా, టీవీలో ప్రకటన వేయిద్దాం అని గట్టిగా వాదించాను. చివరికి నాయన తేల్చాడు: "సరే, టీవీలో చెప్పనీ. చెప్పినాక కూడా రాకపోతే అప్పుడు తీద్దాం గాజులు." నేను గెలిచాననుకున్నాను. సోదె చెప్పే ఆమె కూర్చున్న చోటే టీవీని కూర్చోబెట్టామని తోచలేదు.

పెళ్లి ఫొటోలోంచి చిన్నాయన ముఖం కత్తిరించి పంపాం. చిన్నమ్మ భుజం, కాస్త చీర అంచు అందులోనే ఉండిపోయాయి. ఫలానా వారం ప్రకటన వస్తుందని కబురొచ్చింది. ఆ వారమే ఢిల్లీలో ఎవరో పెద్ద నాయకుడు పోయాడు. కార్యక్రమాలన్నీ రద్దయ్యాయి. రోజుల తరబడి పూలదండలు, ఏడుపు వాయిద్యం. చిన్నమ్మ తెర మీంచి చూపు తిప్పకుండా అంది: "ఆయప్ప పోయినాడని లోకమంతటికీ చెప్తాండారు. నా మొగుడు ఉండాడో లేడో అడిగేదానికి మాత్రం టైము లేదు."

మా ప్రకటన ఆ తర్వాత వారాల్లో కూడా టీవీలో రాలేదు. ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు. పెద్దలు మళ్లీ కూర్చున్నారు. "ఇంగ చాల్లేమ్మా, ఎన్నాళ్లని చూస్తాం?" అన్నాడు నాయన. చిన్నమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"టీవీలో చెప్పినాక అంటిరి కదా బావా. చెప్పినారా?"

నాయన కండువా దులుపుకుని లేచాడు. అందరి ముందూ తానన్న మాటే మరి.

ఆ రోజు నుంచి ఆమె ప్రతి సాయంత్రం ఆ వేళకు వసారాలో ఉండేది. అందరూ లేచి వెళ్లిన చాపల మీద ఒక్కతే, ఎవరెవరివో ముఖాల ఎదుట. ఆశతో కూర్చుందనుకుని ఒకనాడు పక్కన చేరి, "వస్తుందిలే చిన్నమ్మా" అన్నాను. ఆమె కోపంగా నావైపు తిరిగింది.

"రాకూడదనే కదప్పా కూచోండేది! అది వచ్చిందంటే, వీధిలో ఎవురూ చూడకపోయినా, టీవీలో చెప్పేసినారని మీ నాయన గాజులు తీయించకుండా ఊరుకుంటాడా? నా చేతులకేం మిగుల్తాది?"

తెర మీదికి కొత్త ముఖం వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టింది. ఆయన కాదు. గాజులు సన్నగా గలగలమన్నాయి. మళ్లీ ఇంకో ముఖం. మళ్లీ ఊపిరి ఆగింది. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. కానీ చచ్చాడో బతికాడో తెలియని మొగుణ్ణి, ప్రాణంగా చూసుకున్న మొగుణ్ణి, రోజూ ఒకే వేళకు భార్య కళ్ల ముందు దయ్యంగా నిలబెట్టిన మనుషులను చూశాను. వాళ్లలో మా నాయన ఉన్నాడు. ఆయన మంచివాడే.

చిన్నమ్మ ఆ గాజులతోనే ముసలిదై, ఆ గాజులతోనే పోయింది. కాలం దానంతటది ఎవరినీ విధవను చేయదు. ఆ పనికి వేళ నిర్ణయించేది మనుషులే. మీ వీధిలో ఒక ఆడమనిషికి ఇవాళ అలాంటి వేళ పెడుతున్నారా? ఇది మడిచి పక్కన పెట్టి లేవండి. వెళ్లి ఆమె గాజుల మీదికి వచ్చే చేతులకు అడ్డంగా నిలబడండి.