గట్టి రబ్బరు

తెనాలిలో రేపల్లె రైలెక్కేసరికి నాకు మాట్లాడే ఓపిక కూడా లేదు. చర్చికి చేసిస్తానని ఒప్పుకున్న దేవదూత బొమ్మల కొవ్వొత్తులు అచ్చులోంచి తీస్తుంటే మెడ దగ్గర విరిగిపోతున్నాయి. ఇక ఈ పని మానేద్దామనుకుంటూ రబ్బరు అచ్చును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ అదేంటని అడిగితే, మెడలు విరుగుతున్నాయని చెప్పాను. ఆవిడ దాన్ని తీసుకుని వంచబోయింది. వంగలేదు.

“మేం ప్లాస్టర్ బొమ్మలు పోస్తామమ్మా. ఇది గట్టి రబ్బరు. సన్నటి మెడకి మెత్తటి సిలికాన్ అచ్చు తీసుకో, ఒలిస్తే వచ్చేస్తది.”

“నా చేతుల్లోనే లోపం ఉందనుకున్నానండి.”

ఆవిడ నా వేళ్లమీద మైనం పడి కాలిన మచ్చలు చూసింది. “చేతులకేంటమ్మా, బాగానే ఉన్నాయి,” అంది.

వేమూరులో దిగిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఆ వారమే మెత్తటి సిలికాన్ అచ్చు కొన్నాను. మొదటి దేవదూత తలతో సహా బయటికొచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. అయినా పైకే అన్నాను, “వచ్చిందండీ” అని.