ఆరున్నొకటి

నా పదిహేను మీద కళావరు రాజు పడింది. మొత్తం ఇరవై అయిదు. ఇరవైయొకటి దాటినవాడు పోయినట్టే కాబట్టి నేను పోయాను. నాతోపాటు మా మామగారి స్కూటరూ పోయింది. లెక్క సరిగ్గా ఉండి కూడా మనిషి నిలువునా ఎలా మునుగుతాడో చెబుతాను, వినండి.

తొంభైల నాటి మాట. రాజమండ్రిలో ఒక పేపరు డెస్కులో పని నాకు. ఈ ఇరవైయొకటి ఆటలో ముక్కలు లెక్కపెట్టడం గురించి పాతపుస్తకాల కొట్లో ఒక పుస్తకం దొరికింది. రెండు నుంచి ఆరు దాకా చిన్న ముక్క పడితే లెక్కకు ఒకటి కలపాలి. పది, బొమ్మ, ఆసు పడితే ఒకటి తీసెయ్యాలి. మనకు పదిహేను వచ్చి, పంచేవాడి ముందు పది ఉంటే మామూలుగా ఇంకో ముక్క అడగాలి. లెక్క నాలుగు దాటితే మాత్రం అడగకూడదు. పేకలో మిగిలినవన్నీ పెద్ద ముక్కలే మరి. ఇంత తెలిశాక నాకు భూమి ఆనలేదు.

గోవా వెళ్లొచ్చి ఈ ఆట మరిగిన రాజుగారొకరు భీమవరం దగ్గర చేపల చెరువు గట్టున ఉండేవారు. పంచేది ఆయన, ఆడేది నేను. పక్కన కూర్చుని లెక్క చెవిలో చెప్పేది మా బావమరిది సూరిబాబు. ధాన్యం కొలిచే ఇంట్లో పుట్టినవాడు.

"డబ్బు వద్దండి, పాడలవాటు" అన్నారు రాజుగారు. "నా మోటారు సైకిలు పెడతాను. మీరొచ్చిన ఆ స్కూటరు పెట్టండి."

"అది మా మామగారిదండి."

"గెలుస్తారుగా, ఆయనకేం భయం?"

"రేపు నాన్న దానిమీదే మిల్లుకెళ్లాలి బావా" అని గొణిగాడు సూరిబాబు. నేను వినలేదు.

ఆట మొదలైంది. "లాభం" అన్నాడు చెవిలో.

"లాభమేంట్రా, అంకె చెప్పు."

"కొలత మొదట్లో ఒకటి అనకూడదు బావా. లాభం అనాలి."

సరేనన్నాను. కాసేపటికి కరెంటు పోయింది. కిటికీ అవతల జనరేటరు బస్సులా అరవసాగింది. సరిగ్గా అప్పుడే, పందెం తేలే ఆటలో, నాకు పదిహేను, రాజుగారి ముందు పది.

"ఎంతరా?"

"...ఒకటి."

ముక్క అడిగాను. పడ్డదేమిటో చెప్పాను కదా.

"ఒకటన్నావు కదరా" అన్నాను.

"ఆరున్నొకటి అన్నాను బావా."

"ఏడు అని ఏడవొచ్చు కదరా."

"శుభమా అని ఆడుతుంటే ఏడు అంటారా ఎవరైనా?"

రాజుగారు పేక సర్దుతూ, "అబ్బాయిది తప్పులేదండి. ఒకటే అయితే లాభం అనేవాడు కదా" అన్నారు. "మొదట్నుంచీ వింటూనే ఉన్నాను. మీరొక్కరే వినలేదు."

బస్సులో ఇంటికొస్తూ ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ముక్కలు లెక్కపెట్టను. వచ్చే జన్మలో పెట్టినా, ధాన్యం కొలిచే ఇంటి పిల్లను చేసుకోను.

స్కూటరు షెడ్డులో ఉందని మామగారికి చెప్పాం. ఏ షెడ్డు అని ఆయన ఇప్పటికీ అడుగుతున్నారు.